దోమ కళ్యాణం

మల్లవరంపేటకు మూడువైపులా కాలువలు, నాలుగోవైపు చేపల చెరువులు. ఏటా వానలు పడగానే ఊళ్ళోకి డెంగీ వచ్చేది. దారిలో ఇద్దరు కలుసుకుంటే ఎవరి ప్లేట్‌లెట్లు ఎంతకు పడ్డాయో క్రికెట్ స్కోరులా చెప్పుకునేవారు. బొప్పాయి చెట్లకు ఆకు మిగిలేది కాదు. అందరూ కలిసి కాలువను తిట్టేవారు. డెంగీ దోమ కాలువలో పుట్టదనీ, ఫ్రిజ్ వెనక తట్టలోనూ పూలకుండీ కింది పళ్ళెంలోనూ నిలిచిన మంచినీళ్ళలో పుడుతుందనీ డాక్టర్ మందాకిని వీధివీధీ తిరిగి చెప్పింది. జనం శ్రద్ధగా విన్నారు, తలలూపారు, ఇంటికి వెళ్ళి మళ్ళీ కాలువనే తిట్టారు.

మందాకిని కాలువగట్టు మీది కీటక పరిశోధనశాలలో శాస్త్రవేత్త. ముప్పైనాలుగేళ్ళు వచ్చినా పెళ్ళి కాలేదు. దోమలకు మాత్రం ఆమె చాలా సంబంధాలు చూసింది.

మగదోమల్ని ల్యాబ్‌లో పెంచి, కిరణాల కింద పెట్టి, వాటికి సంతానం కలగకుండా చేసి ఊళ్ళోకి వదలడం పాత పద్ధతే. ఆడదోమ సాధారణంగా జన్మలో ఒక్కసారే జతకడుతుంది. ఆ ఒక్కసారీ ఇలాంటి మగదోమ దొరికితే గుడ్లు పెడుతుంది గాని అవి పొదగవు. పైగా మగదోమ కుట్టదు కాబట్టి ఎన్ని వదిలినా మనిషికి ప్రమాదం లేదు. వచ్చిన చిక్కల్లా ఈ పెళ్ళికొడుకుల బద్ధకంతోనే. పుట్టిన దగ్గర్నుంచి పంచదార నీళ్ళు తాగి పెరిగిన దోమలు కావడంతో, వదిలిన చోటే గోడకు అతుక్కుని కూర్చునేవి. ఆడదోమలేమో మంచాల కింద, స్నానాలగది మూలల్లో దాక్కునేవి.

దీనికి మందాకిని ఒక కళ్ళెం కనిపెట్టింది. పుప్పొడి రేణువంత యంత్రం. మగదోమ వీపు మీద అంటిస్తే దాని మీసాల పక్కన సన్నగా రొద చేస్తుంది, అచ్చం ఆడదోమ రెక్కల చప్పుడులా. కుడి మీసం దగ్గర రొద చేస్తే దోమ కుడికి తిరుగుతుంది, ఎడమ దగ్గర చేస్తే ఎడమకి. దోమ విన్నదాన్ని యంత్రం ల్యాబ్‌కు పంపుతుంది. ల్యాబ్‌లోని కంప్యూటర్ అందులోంచి మనుషుల మాటల్ని వడగట్టేసి, గోడలూ గుమ్మాలూ ఆడదోమలూ ఎక్కడున్నాయో బొమ్మగా గీసి చూపిస్తుంది. చూసేవారికి రంగురంగుల వీడియో గేమ్‌లా ఉంటుంది.

మొదట ల్యాబ్‌లోని ఇంజనీర్లే కూర్చుని దోమల్ని నడిపారు. ఒకరు ఫ్యాన్‌లోకి తోలారు, ఒకరు అగరొత్తి పొగలోకి, ఒకరు ఏకంగా బల్లి నోట్లోకి. ఊరంతటికీ సరిపోవాలంటే వేలమంది కావాలి. అప్పుడు డైరెక్టరు గోవర్ధనం దీన్ని నిజంగానే ఆటగా చేసి ఊళ్ళోవాళ్ళ ఫోన్లలోకి పంపిద్దామన్నాడు. అయితే తెర మీద ఎగిరేది నిజం దోమ అని చెప్పవద్దన్నాడు. చెబితే సగంమంది భయపడతారు, మిగతా సగం కోర్టుకు వెళతారని ఆయన వాదన. పురపాలక సంఘం అనుమతి ఎలాగూ ఉంది. ఆ ప్రకటనను ఎవరికీ అర్థంకాని భాషలో రాయించి, ఎవరూ చూడని బోర్డు మీద అంటించారు. మందాకినికి మనసొప్పలేదు. కాని ఆస్పత్రి వరండాలో పడుకోబెట్టిన పిల్లలు గుర్తొచ్చి, ఈ వానాకాలం గడిచాక చెప్పవచ్చులే అనుకుని ఊరుకుంది.

ఆటకు ‘దోమ కళ్యాణం’ అని పేరు పెట్టారు. పెళ్ళికొడుకును పెళ్ళికూతురి దగ్గరకు చేర్చగానే నాదస్వరం మోగి, తెర మీద అక్షింతలు రాలేవి. పెళ్ళికూతురు ఏ నీటి దగ్గర పుట్టిందో కూడా చూపించేది. అది ఆమె పుట్టిల్లు.

ఈ ఆటలో ఊరికంతటికీ పెద్ద ఆటగత్తె అయిన మనిషి మందాకిని తల్లి భ్రమరాంబ.

భ్రమరాంబకు సంబంధాలు కుదర్చడమంటే ప్రాణం. బంధువుల్లో ఎన్నో పెళ్ళిళ్ళు ఆమె చేతిమీదుగా జరిగాయి, కన్నకూతురి పెళ్ళి తప్ప. కూతురికి తెచ్చిన ప్రతి సంబంధమూ పెళ్ళిచూపుల్లో దోమల ప్రస్తావన రాగానే వీగిపోయేది. అలా వృథాగా పోతున్న ఆమె ప్రతిభ అంతా ఇప్పుడు ఫోన్‌లోకి ప్రవహించింది. పెళ్ళికొడుకులకు పేర్లు పెట్టేది. మిట్టమధ్యాహ్నం ఎవరూ పెళ్ళిచూపులకు వెళ్ళరని, పొద్దు వాలేదాకా వాళ్ళను కదలనిచ్చేది కాదు. దోమలకు ఆ వేళే ఇష్టమని ఆమెకు తెలియదు. మొదటి వారంలోనే ల్యాబ్ అంతా కలిసి చేసినదానికంటే ఎక్కువ పెళ్ళిళ్ళు చేసింది. మరుసటి వారానికి వీధిలోని ఆడవాళ్ళంతా ఆమె దగ్గర శిష్యరికానికి చేరారు.

ఆట బయట కూడా మార్పు వచ్చింది. పేరంటానికి వెళ్ళినవాళ్ళు తాంబూలం పుచ్చుకుని తిన్నగా వంటింట్లోకి వెళ్ళి ఫ్రిజ్ వెనక తట్ట చూసేవారు. ‘మీ ఇంట్లో పెళ్ళికూతుళ్ళు ఎక్కువమంది ఉన్నారట’ అంటే ఆ ఇల్లాలు సిగ్గుపడి తట్ట కడిగేది. మందాకిని ఏళ్ళతరబడి చెప్పినా ఎక్కని పాఠం ఆటలో ఇట్టే ఎక్కింది. ఆ ఆగస్టులో ఆస్పత్రి వరండా ఖాళీగా ఉంది. డైరెక్టరు గోవర్ధనం కొత్త సఫారీ సూటు కుట్టించుకున్నాడు.

ఇంట్లో ఆట ఆడనివాళ్ళు ఇద్దరే. ఒకరు మందాకిని తండ్రి సాంబమూర్తి. ఈ పెళ్ళిళ్ళ మూలంగా ఆయనకు సాయంత్రం కాఫీ ఆలస్యమయ్యేది. రెండోవారు భ్రమరాంబ అక్క శేషారత్నం. భర్త పోయాక చెల్లెలి ఇంట్లోనే ఉంటోంది. ఎవరైనా ఫోన్ ఇవ్వబోతే, తనకు పెళ్ళిళ్ళంటే సరదా లేదని చెప్పి పప్పు ఏరుకుంటూ కూర్చునేది.

ఒక సాయంత్రం ల్యాబ్‌లో ఏవో మరమ్మతులు చేస్తూ మాటల్ని వడగట్టే భాగాన్ని పొరపాటున ఆపేశారు. ఆ సమయానికి భ్రమరాంబ మంచం మీద కూర్చుని, సూర్యనారాయణ అని తాను పేరు పెట్టుకున్న పెళ్ళికొడుకును ఒక వరండాలోకి నడిపిస్తోంది. ఉన్నట్టుండి ఫోన్‌లోంచి ఒక గొంతు వినిపించింది. ఈ పూటకైనా కాఫీ వస్తుందా అని ఎవరో అడుగుతున్నారు. అదే మాట అదే క్షణాన గుమ్మం అవతలి నుంచి కూడా వినిపించింది.

భ్రమరాంబ లేచి గుమ్మం దాకా వెళ్ళింది. వరండాలో సాంబమూర్తి పేపరు చదువుతున్నాడు. పేపరు అంచు మీద ఒక దోమ వాలి ఉంది. ఆమె ఫోన్ మీద వేలితో కుడికి తోసింది. దోమ కుడికి ఎగిరింది. ఎడమకి తోసింది. దోమ ఎడమకి వచ్చి ఆయన ముక్కు మీద వాలింది. సాంబమూర్తి చెయ్యెత్తాడు.

“ఏవండీ, కొట్టకండి,” అంది భ్రమరాంబ మెల్లగా. “ఆయన మా పెళ్ళికొడుకు.”

సాంబమూర్తి ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంచి భార్యవైపు చూశాడు. ముప్పైయారేళ్ళ కాపురంలో ఆమె మీద ఆయనకు ఇలాంటి అనుమానం రావడం అదే మొదటిసారి.

మందాకిని ఇంటికి వచ్చేసరికి తల్లి హాల్లో కూర్చుని ఎదురుచూస్తోంది. దాచి లాభం లేదని మందాకిని కళ్ళెం సంగతి మొదలుపెట్టి అంతా చెప్పేసింది. చెబుతుంటే ఆమెకే ఉత్సాహం వచ్చింది. ఈ ఏడు ఊళ్ళో జ్వరాలు తగ్గాయంటే అందులో అమ్మ చేతిచలవే ఎక్కువ అంది. భ్రమరాంబ ముఖం వెలిగిపోయింది. తాను చేసినవి ఉత్త బొమ్మల పెళ్ళిళ్ళు కావని, నిజమైనవని తెలిసి కొంగుతో కళ్ళు కూడా తుడుచుకుంది. తర్వాత ఆమెకు సహజంగా కలగవలసిన సందేహమే కలిగింది.

“ఇన్ని పెళ్ళిళ్ళు చేశాను కదే మందా, మరి దోమలు పెరగాలి గాని తగ్గడమేంటి?”

మందాకిని ఆ ముక్క కూడా చెప్పింది. పెళ్ళికొడుకులకు సంతానం కలగకుండా ముందే చేశామని, ఆ జంటలకు పిల్లలు పుట్టరని.

భ్రమరాంబ ఫోన్‌ను బల్ల మీద బోర్లా పెట్టింది. “లోపం ఉందని నీకు ముందే తెలుసా?”

“తెలుసమ్మా. అసలు పద్ధతే అది.”

“తెలిసే నాచేత ఆ పెళ్ళిళ్ళు చేయించావు.”

హాలు మూల పప్పు ఏరుకుంటున్న శేషారత్నం చేట పక్కన పెట్టి పెరట్లోకి వెళ్ళిపోయింది. అప్పుడుగాని మందాకినికి తానేం మాట్లాడిందో తట్టలేదు.

శేషారత్నానికి చిన్నప్పుడే పెద్దింటి సంబంధమని పెళ్ళి చేశారు. ఏళ్ళు గడిచినా కడుపు పండలేదు. అత్తవారు శుభకార్యాలకు ఆమెను ముందుకు రానిచ్చేవారు కాదు. పుట్టింటివారిని పిలిచి గొడ్రాలిని అంటగట్టారని నిలబెట్టి అడిగారు. ఆ మాట పడ్డాక వాళ్ళ నాన్న బంధువుల ఇళ్ళకు వెళ్ళడమే మానుకున్నాడు. తర్వాత లోకం నోరు మూయించడానికి అత్తవారు కొడుక్కి రెండో పెళ్ళి చేశారు. ఆ పిల్లకూ పిల్లలు కలగలేదు. అప్పటినుంచి ఆ ఇంట్లో ఆ ప్రస్తావన ఆగిపోయింది. ఆగిపోయిందే గాని, శేషారత్నాన్ని అన్న మాటల్ని ఎవరూ వెనక్కి తీసుకోలేదు. పెళ్ళికొడుకు లోపం దాచి పిల్ల గొంతు కోయడం కంటే పాపం లేదని భ్రమరాంబ అక్కను చూస్తూ నేర్చుకుంది. అందుకే ఎక్కడ సంబంధం కుదిర్చినా నాలుగిళ్ళు తిరిగి వాకబు చేసేది. అలాంటి మనిషి చేత వందల పెళ్ళిళ్ళలో ఆ పనే చేయించింది కన్నకూతురు.

మర్నాడు భ్రమరాంబ వీధిలో అందరికీ చెప్పేసింది. ఊరు రెండుగా చీలింది. సగంమందికి పెళ్ళికొడుకుల సంగతి బాధ కలిగించింది. మిగతా సగంమందికి ఆ దోమలు తమ ఇళ్ళలో ఏమేం విన్నాయన్న భయం పట్టుకుంది. ఆటను రెండు వర్గాలూ ఒకేసారి మానేశాయి.

డైరెక్టరు గోవర్ధనం ఊరివాళ్ళను కళ్యాణమండపానికి పిలిపించి, ‘వంధ్య పురుష కీటక విధానం’ గురించి గంటసేపు ఉపన్యసించాడు. ముందు వరసలోని ఒకావిడ లేచి, పోయిన మంగళవారం తన తోడికోడలితో జరిగిన తగువును దోమ విన్నదా లేదా అది చెప్పమంది. కంప్యూటర్ మాటలన్నీ వడగట్టేస్తుందని ఆయన చెప్పాడు. వడగట్టాలంటే ముందు వినాలి కదా అని ఆవిడ కూర్చుంది. ఆ తర్వాత ఆయన ఉపన్యాసం ముందుకు సాగలేదు.

పక్క ఊరి కాలేజీ కుర్రాళ్ళను తెచ్చి ఆడించారు. తుపాకుల ఆటలకు అలవాటుపడ్డ వాళ్ళు దోమల్ని తూటాల్లా వాడారు. ఒక పెళ్ళికొడుకు ఎస్సై గారి చెవిలోకి దూరాడు. మరొకడు ఏకంగా డైరెక్టరు గారి ఉప్మాలో పడ్డాడు. నడిపేవాళ్ళు లేని మిగతా దోమలు మళ్ళీ గోడలకు అతుక్కుని కూర్చున్నాయి. సెప్టెంబరు వానలు గట్టిగా పట్టుకున్నాయి. ఆస్పత్రి వరండాలో ఒక మంచం పడింది, ఆ పక్కన మరికొన్ని పడ్డాయి. బొప్పాయి ఆకుల కోసం మళ్ళీ జనం బయల్దేరారు.

ఇంట్లో భ్రమరాంబ కూతురికి అన్నం పెట్టేది గాని మాట్లాడేది కాదు. ఇంకా వడ్డించాలా అన్నది కూడా సాంబమూర్తి ద్వారా అడిగించేది. ఆయన భోజనం చల్లారిపోయేది. ఇద్దరి మధ్యా తాను పోస్టుమ్యాన్‌నయ్యానని ఆయన పక్కింటివాళ్ళ దగ్గర వాపోయాడు.

ఒక ఆదివారం మందాకిని పెరట్లోకి వెళ్ళి, చింతపండు గింజలు తీస్తున్న పెద్దమ్మ పక్కన కూర్చుంది. తాను కూడా ఒక ఉండ తీసుకుని గింజలు తీయబోయింది. ఏం మాట్లాడాలో తెలియక, దోమకు మనసుండదని, మనుషుల బాధ దానికి ఉండదని శాస్త్రం చెప్పబోయింది. శేషారత్నం చేతిలోని పని ఆపలేదు.

“దోమ సంగతి నాకెందుకే. నన్ను కుట్టినవి తక్కువా? వాటికి పిల్లల్లేకపోతే నేనేం ఏడవను.”

“మరి ఆ రోజు లేచి వెళ్ళిపోయావు పెద్దమ్మా.”

శేషారత్నం ఇంకో గింజ తీసి పళ్ళెంలో వేసింది. “మీ పెదనాన్నలో లోపం ఉన్నందుకు కూడా నేనెప్పుడూ ఏడవలేదు. అది ఆయన చేతిలో ఉందా? ఆ ఇంట్లో అందరికీ ముందే తెలుసు. నాకొక్కదానికే తెలీదు. నేను ఉపవాసాలుండి గుళ్ళచుట్టూ తిరుగుతుంటే చూస్తూ కూర్చున్నారు చూడు, దానికి ఏడ్చాను.” గింజలు ఉన్న పళ్ళెం పక్కకు జరిపింది. “దోమకి చెప్పలేవు, నిజమే. దానికి తెలుగు రాదు. మీ అమ్మకి వచ్చుగా.”

మందాకిని చేతిలోని ఉండ పక్కన పెట్టింది. ఇప్పుడేం చేయమంటావని అడిగింది. అందరికీ ఉన్నదున్నట్టు చెప్పమంది పెద్దమ్మ. చెప్పాక ఆడేవాళ్ళు ఆడతారు, లేనివాళ్ళు మానేస్తారు, అది వాళ్ళిష్టం అంది.

సోమవారం మందాకిని డైరెక్టరుకు ఆ మాటే చెప్పింది. ఆయన ఒప్పుకోలేదు. ఇప్పటికే డబ్బిచ్చేవాళ్ళు ఢిల్లీ నుంచి ఫోన్లు చేస్తున్నారని, తప్పు ఒప్పుకుంటే ప్రాజెక్టు మూతపడుతుందని బతిమాలాడు, తర్వాత కోప్పడ్డాడు. ఆమె వినలేదు. కళ్ళెంలో చిన్న మార్పు చేసి, రెక్కల రొద తప్ప మనిషి గొంతు దానికి అసలు అందకుండా చేసింది. ఆటలో మొదటి తెర మీద పసుపుకుంకుమల బొమ్మ తీసేసి నాలుగు వాక్యాలు రాయించింది. ‘ఇది నిజం దోమ. ఇది మీ ఊళ్ళోనే, మీ ఇళ్ళలోనే ఎగురుతుంది. దీనికి సంతానం కలగదు, మేమే అలా చేశాం. ఈ సంగతి ముందే చెప్పనందుకు తప్పు మాది.’ కింద తన పేరు పెట్టింది. తమ ఇంట్లోకి దోమను రానివ్వవద్దనుకునేవాళ్ళు ఒక్క మాట చెబితే చాలు, ఆ గుమ్మం దగ్గరే దోమ వెనక్కి తిరిగేలా ఏర్పాటు చేసింది. మళ్ళీ వీధివీధీ తిరిగి, గుమ్మం గుమ్మంలో నిలబడి ఆ నాలుగు వాక్యాలనే నోటితో చెప్పింది. కొన్ని ఇళ్ళలో మంచినీళ్ళిచ్చారు. కొన్ని ఇళ్ళలో తలుపు వేసేశారు. తోడికోడలితో తగువు పడ్డావిడ మాత్రం కూర్చోబెట్టి, ఆ తగువులో న్యాయం ఎవరిదో చెప్పి వెళ్ళమంది. తాను వినలేదని మందాకిని ఎంత చెప్పినా నమ్మక, మొదటినుంచీ మొత్తం వినిపించింది.

ఆ వారమే డైరెక్టరు ఆమెను ప్రాజెక్టు పెద్ద పదవి నుంచి తప్పించి, లార్వాలకు మేత వేసే గదికి మార్చాడు. ఆ గదిలో వాసనకు ఎవరూ ఎక్కువసేపు నిలవరు. మందాకిని ముక్కుకు రుమాలు కట్టుకుని పనిచేసింది. ఆటగాళ్ళు ఒక్కొక్కరే తిరిగి వస్తున్నారు గాని, పూర్వం ఉన్నంతమంది లేరు. ఆస్పత్రి వరండాలో మంచాలు ఇంకా అలాగే ఉన్నాయి. శిష్యులు కొందరు వచ్చినా భ్రమరాంబ ఫోన్ ముట్టుకోలేదు.

ఒకనాటి సాయంత్రం మందాకిని వచ్చేసరికి హాల్లో అమ్మా పెద్దమ్మా ఎదురెదురుగా కూర్చుని ఉన్నారు. శేషారత్నం చెల్లెలి ఫోన్ చేతిలో పెట్టుకుని, దీన్ని ఎలా ఆడతారో చూపించమంటోంది. భ్రమరాంబ నమ్మలేనట్టు చూసింది. నీకెందుకక్కా ఈ పాపం అంది. మొదటి తెర మీద రాసింది చదివానని, అన్నీ చెప్పి చేసే పెళ్ళిలో పాపం ఎక్కడుందని శేషారత్నం అడిగింది. భ్రమరాంబ కాసేపు గింజుకుని, కూతురివైపు చూడకుండానే, వేలు ఎక్కడ పెట్టాలో అక్కకు చూపించింది.

శేషారత్నానికి అది అంత సులువుగా రాలేదు. మొదటి పెళ్ళికొడుకును తీసుకెళ్ళి పక్కింటివాళ్ళ పులుసు గిన్నెలో దింపింది. రెండోవాడు ఫ్యాను రెక్క తగిలి ఎటు పోయాడో తెలియలేదు. మూడోవాడు వీధి చివర ఒక కిటికీ దగ్గర ఆగిపోయాడు. భ్రమరాంబ అంతసేపూ ముఖం పక్కకు తిప్పుకుని ఉన్నది, ఇక ఉండబట్టలేక అక్క భుజం మీదుగా ఫోన్‌లోకి తొంగిచూసింది.

“కుడికి అక్కా. అటు కాదు, వెంటిలేటర్ వైపు. మందా, నువ్వయినా చెప్పవే పెద్దమ్మకి.”

తల్లి తనతో మాట్లాడి ఎన్నాళ్ళయిందో మందాకినికి అప్పుడు తెలిసింది. వచ్చి పెద్దమ్మకు ఆ పక్కన కూర్చుని, చేత్తో వెంటిలేటర్ చూపించింది. సాంబమూర్తి గుమ్మంలో నిలబడి కాఫీ సంగతి అడగబోయి, ముగ్గురి ముఖాలూ చూసి, తానే వంటింట్లోకి వెళ్ళాడు.

పెళ్ళికొడుకు స్నానాలగది వెంటిలేటర్‌లోంచి దూరి, బకెట్ అంచు దాటి, మూలనున్న పెళ్ళికూతురిని చేరాడు. నాదస్వరం మోగింది. తెర మీద అక్షింతలు రాలాయి. శేషారత్నం ఆ అక్షింతల్ని అవి రాలడం ఆగేదాకా చూసింది.

“మందా, ఆ పిల్లకి గుడ్లు పొదగవు కదా.”

“పొదగవు పెద్దమ్మా.”

“లోపం ఎవరిదో ఊళ్ళో అందరికీ తెలుసా?”

“అందరికీ తెలుసు. ఇంటింటికీ వెళ్ళి చెప్పాను.”

“దాన్నెవరూ ఏమీ అనరుగా?”

“అనరు.”

శేషారత్నం కళ్ళజోడు తీసి చీరకొంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది.

“అయితే సరే. ఇంకో పెళ్ళికొడుకుని పిలువు.”